రంపానికి చక్రాలు

నా జీవితంలో నేను గుసగుసగా మాట్లాడింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారికే మా ఇంట్లో నాకు మూడు వారాలు చల్లారిన టీ, చల్లారిన అన్నం, చల్లారని కోపం వడ్డించారు.

నన్ను మా వీధిలో అందరూ మైకు అంటారు. ఇరవై ఆరేళ్ళుగా రంపం మెషిన్ పక్కన నిలబడి మాట్లాడిన గొంతు ఇది. దీన్ని తగ్గించే మీట ఎక్కడుందో నాకూ తెలియదు. అలాంటి నేను, ఆ వానాకాలం మధ్యలో ఒక సాయంత్రం, షెడ్డులో చిత్రిక మెషిన్ చాటున నక్కి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మాకు ఇనుప పనులు చేసిపెట్టే వెల్డరమ్మతో ఇలా అన్నాను: "అన్నయ్య మెషిన్లు మూడూ కదిలించేద్దాం. ఆయనకు తెలియకూడదు. రేపొచ్చి కొలతలు తీసుకో."

పైన రేకుల మీద వాన. గుమ్మంలో టీ గ్లాసుతో మా వదిన. ఆవిడ చెవిలో పడింది ఇది: "అన్నయ్య మెషిన్లు మూడూ వదిలించేద్దాం. ఆయనకు తెలియకూడదు."

ఒకే ఒక్క అక్షరం. 'క' లేచి 'వ' కూర్చుంది. వదినకు 'వ' మీద ఆ మాత్రం పక్షపాతం ఉండదా అని ఇప్పుడైతే నవ్వుతాను. అప్పుడు నాకా సంగతే తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం అరుగు మీద టీ గ్లాసు ఉంది, వదిన లేదు. వానకు భయపడి లోపలికెళ్ళిందనుకుని ఆ టీ తాగేశాను. మీకు ముందే చెప్పేస్తున్నాను, నాలాగా మీరు కూడా చివరి దాకా తెల్లమొహం వేసుకుని తిరగకూడదని.

ఎండలు ముగిసే రోజుల్లో, ఎవరి ఇంట్లోనో అటక తలుపులు బిగిస్తూ అన్నయ్య నిచ్చెన మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుం కింద కాళ్ళు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి. ఇంటికి చక్రాల కుర్చీ వచ్చింది.

మా షెడ్డు ఇంటి వెనకే ఉంటుంది. రైలు పెట్టెలా పొడుగ్గా, సన్నగా. అడుగుపెట్టగానే రంపం మెషిన్, దాని వెనక చిత్రిక మెషిన్, ఆ మూల డ్రిల్లు. మూడూ దుక్కఇనుము. కదపాలంటే నలుగురు మనుషులు, ఎనిమిది బూతులు కావాలి. వాటి మధ్య నడవాలంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి. కుర్చీ ఊపిరి బిగబట్టదు కదా! అన్నయ్య రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాడు. చక్రం రంపం స్టాండుకు కొట్టుకుంది. రెండోసారి కొట్టుకున్నాక ఇక రాలేదు. వరండాలో కూర్చుని వానను చూడడం మొదలుపెట్టాడు. ఎంతసేపని చూస్తారండీ వానను? అందులో మలుపులుండవు, పాత్రలుండవు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. అన్నయ్య పెట్టిన పద్ధతి. మెషిన్ బల్ల పనిచేసే మనిషి బెల్టు ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైనుంటే భుజాలు పోతాయి, కిందుంటే నడుం పోతుంది. ఆయన ఆరడుగుల మనిషి కాబట్టి మెషిన్లన్నీ ఆయన బెల్టుకు అమిరాయి. నేను పొట్టి. అందుకని నా కాళ్ళ కింద నాలుగంగుళాల ఎత్తున ఒక చెక్క పీట ఉంటుంది. మొదటి రోజు నుంచీ ఆ పీట మీదే నా ఉద్యోగం. పీఠాధిపతులు వేరే ఉంటారు, నేను పీటాధిపతిని.

ఇక కలప డిపో ఆయన సంగతి. పరామర్శకని వచ్చాడు. అన్నయ్య ఎదురుగానే కూర్చున్నాడు. కూర్చుని, అన్నయ్య తల మీదుగా వదినను చూస్తూ అడిగాడు:

"ఈయన టీ తాగుతారా అమ్మా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కాళ్ళండీ పడిపోయింది, నాలుక కాదు! ఆయన్నే అడగండి!" అన్నాను. ఎదురింటి దర్జీ కత్తెర ఆపి ఇటు చూశాడు.

అన్నయ్య నవ్వాడు. పడ్డాక మొదటిసారి. "తాగుతానండీ. చక్కెర తక్కువ. మా వాడి గొంతులో ఎక్కువైంది కాబట్టి సరిపోతుంది," అన్నాడు.

డిపో ఆయనకు సిగ్గు లేదు. టీ తాగి, లేచి, ఈసారి నా వైపు తిరిగి, "మెషిన్లు ఊరికే తుప్పు పట్టించుకోకండి. ఇచ్చేద్దామనుకుంటే నాకు ఒక్క మాట చెప్పండి. ఈయనకు కూర్చుని చేసే పని ఏదైనా చూద్దాం," అన్నాడు. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆయనదీ అదే మాట. బంధువులదీ అదే మాట. కూర్చుని చేసే పని! ఆయన చేతుల్లో ముప్పై ఐదేళ్ళ పని ఉందయ్యా, కాళ్ళతో ఎవడైనా చిత్రిక పడతాడా అని నేను డిపో ఆయన గేటు దాటే దాకా అరిచాను.

అప్పుడే నాకు బుర్ర వెలిగింది. కుర్చీకి చక్రాలున్నాయి, మెషిన్లకు లేవు. గొడవంతా అక్కడే. మెషిన్లకూ చక్రాలు పెట్టిస్తే అక్కర్లేనప్పుడు గోడవారగా తోసెయ్యొచ్చు, పనున్నప్పుడు మధ్యకు లాక్కోవచ్చు. కుర్చీ రాచబాటలో వెళ్తుంది. అన్నయ్యకు చెప్పకుండా చేయించి, ఒక్కసారి తలుపు తీసి చూపించాలి. వదినకు చెబితే అన్నయ్యకు చెప్పినట్టే, ఆవిడ ముఖం దాచుకోలేదు. అందుకే ఆ గుసగుస.

మర్నాడు వెల్డరమ్మ టేపు పట్టుకుని వచ్చింది. నేను కలప తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. ఫోను చేస్తే ఉరిమింది.

"ఏం అన్నా, నన్ను చూస్తే పాత సామాన్లు కొనేదానిలా ఉన్నానా? టేపు బయటికి తీశానో లేదో మీ వదిన చీపురు తీసింది. ముందు మీ ఇంట్లో మీరంతా ఒక మాట మీదకి రండి, తర్వాత నన్ను పిలవండి."

వంటింట్లోకి వెళ్ళాను. వదిన గిన్నెలు తోముతోంది, ఒక్కో గిన్నె నా నెత్తి అనుకుని.

"వదినా, ఆ వెల్డరమ్మను ఎందుకు పంపించేశావ్?"

"ఎందుకో నీకు తెలీదా?" వెనక్కి తిరగలేదు. "నేను బతికుండగా ఆ మెషిన్లు అక్కణ్ణుంచి కదలవు."

అంటే మొత్తం తెలిసిపోయిందనుకున్నాను. తెలిసిపోయి, వద్దంటోందని అనుకున్నాను.

"అదేంటి వదినా, అన్నయ్య కోసమేగా?"

గిన్నె ఆగింది. "మీ అన్నయ్య కోసమా? ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?"

"ఆయన చూస్తే ఎంత సంతోషిస్తాడో నీకేం తెలుసు?"

"బయటికి నడువ్," అంది వదిన. పదిహేనేళ్ళుగా నన్ను 'అబ్బాయ్' తప్ప మరో మాటతో పిలవని మా వదిన!

నాకు ఒళ్ళు మండింది. ఏం పాపం చేశాను? నాలుగు చక్రాలు పెట్టిద్దామన్నాను. రథం అడగలేదే! మా ఆవిడకు చెప్పుకుందామని వెళ్తే ఆవిడ ముందే గుమ్మంలో నిలబడి ఉంది. వదిన అప్పటికే ఆవిడ చెవిలో ఏదో వేసింది.

"మనిషన్నాక కాస్త కృతజ్ఞత ఉండాలండీ," అంది.

"ఎవరికి? ఎవరి మీద?"

"మీకే తెలియాలి," అంది. భోజనం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అన్నం చల్లగా ఉంది. ఇంట్లో అందరూ కలిసి నన్ను ఫ్రిజ్‌లో పెట్టారు.

సరే, వెల్డరమ్మ రాదు. దుకాణం ఉందిగా అనుకున్నాను. మెషిన్ల సామాన్లు అమ్మే పెద్ద దుకాణం, అద్దాల తలుపు, లోపల చలి. మెడకు టై కట్టుకున్న కుర్రాయన ఎదురొచ్చాడు.

"మెషిన్ కింద పెట్టే చక్రాల చట్రం, మొబైల్ బేస్ కావాలి," అన్నాను.

"ఏ మెషిన్‌కు సార్? బరువెంత? పొడవు, వెడల్పు?"

నేను కాగితం తీశాను. పొంగిపోతూ తీశాను. మూడు మెషిన్ల పొడవు, వెడల్పు, బరువు, చివరికి నేల మీద పగుళ్ళ లోతు కూడా రాసుకెళ్ళాను. వడ్రంగి ఇంటి వాణ్ణి, కొలతల్లో నన్నెవడు పట్టుకుంటాడు? "ఇంకేమైనా కొలతలు కావాలా?" అని కూడా అడిగాను.

"చాలు సార్, పర్ఫెక్ట్," అన్నాడు.

మూడు రకాలు చూపించాడు. మొదటిది పళ్ళెం లాంటిది. మెషిన్ అందులో కూర్చుంటుంది, చక్రాలు పక్కన ఉంటాయి. అది మా రంపం కొలతకు రాలేదు. రెండోది కాలితో మీట తొక్కితే మెషిన్ లేచి చక్రాల మీద నిలబడుతుంది, వదిలేస్తే దిగి నేల మీద కూర్చుంటుంది. చూడగానే ముచ్చటేసింది. కానీ ఆర్డరు పెడితే రెండు నెలలు. రెండు నెలలు అన్నయ్య వాన చూడాలా? వద్దన్నాను. మూడోది నాలుగు మూలలకు నాలుగు ఇనుప ముక్కలు, వాటి కింద చక్రాలు. దుకాణంలో సిద్ధంగా ఉంది.

"ఇది యూనివర్సల్ సార్. అన్నింటికీ సరిపోతుంది. హెవీ కాస్టర్స్."

చక్రాన్ని కాస్టర్ అనగానే నాకు ఆముదం గుర్తొచ్చి మొహం అలా పెట్టాను. "బ్రేకుందా?"

"రెండు చక్రాలకు ఉంది సార్."

"మిగతా రెండూ?"

"అవి ఫ్రీ సార్."

"ఉచితమా?"

"కాదు సార్, ఫ్రీగా తిరుగుతాయి."

నవ్వుతూ కొన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే చెయ్యెత్తాలనిపిస్తుంది. యూనివర్సల్ అంటే విశ్వమంతటికీ సరిపోయేదట. తర్వాత తెలిసింది, మా షెడ్డు విశ్వం బయట ఉందని.

అన్నయ్యను వారానికొకసారి వ్యాయామానికి తీసుకెళ్తుంది వదిన. అలా వెళ్ళిన రోజున హమాలీలను నలుగురిని పిలిచాను. రెండు గంటల్లో మూడు మెషిన్లూ చక్రాలెక్కాయి. చిత్రిక మెషిన్నీ డ్రిల్లునూ గోడకు తోశాం. రంపాన్ని గుమ్మం ఎదురుగా కొంచెం పక్కకు పెట్టాను. గుమ్మం నుంచి చివరి గోడ దాకా దారి. ఆ దారిని మూడుసార్లు ఊడ్చాను. ఒకసారి ఊరికే, అటూ ఇటూ, చేతులూపుకుంటూ నడిచాను.

ఆటో ఆగగానే ఎదురెళ్ళి, "అన్నయ్యా, షెడ్డులోకి రా," అన్నాను. వదిన వెనకే వచ్చింది. మా ఆవిడా వచ్చింది.

తలుపు తీశాను.

అన్నయ్య గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, దారి వైపు చూశాడు. తర్వాత తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వచ్చాడు. ఎక్కడా తగల్లేదు. రంపం దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"చూశావా!" అన్నాను. "ఒక్క చేత్తో తోస్తే కదులుతుంది! బ్రేకు కూడా ఉంది! ఉండు, వేసి చూపిస్తాను!"

బ్రేకు తొక్కి స్విచ్చి వేశాను. రంపం మోగింది, వణికింది, ఆ వణుకులో నెమ్మదిగా పక్కకు తిరగడం మొదలుపెట్టింది. బ్రేకు వేసిన చక్రాలు నేల మీద నిలబడే ఉన్నాయి, వాటి పైనున్న రంపం మాత్రం నడుం తిప్పుతోంది. బ్రేక్ డాన్స్ అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. కంగారుగా ఆపేశాను.

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "తోసుకుపోవడానికి వీలుగా చక్రాలు కూడా పెట్టించావా!"

"తోసుకోవడానికే కదా వదినా చక్రాలు!" అన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకేం అర్థం కాలేదు.

అన్నయ్య మాత్రం కదల్లేదు. కుడి చెయ్యి ఎత్తి బల్ల మీద పెట్టాడు. పైకెత్తాల్సి వచ్చింది, కౌంటరు మీదకు చెయ్యి చాపే చిన్నపిల్లాడిలా. బల్ల అంచు సరిగ్గా ఆయన గడ్డం ముందుంది. చూశానండీ, అది నేను చూశాను. కానీ నా కళ్ళు చక్రాల మీదున్నాయి.

"బాగుందిరా," అన్నాడు. చెయ్యి దింపి, కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే, "డిపో ఆయన్ని శనివారం రమ్మను. మెషిన్లు చూసుకుంటాడు," అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఆ తర్వాత మూసింది ఎప్పుడో నాకు గుర్తులేదు. ఎవరి కోసం చేశాను, ఎందుకు చేశాను, నా నడుం విరిగింది, నాకు ఈ ఇంట్లో చల్లటి అన్నం పెడుతున్నారు, ఒక్కరైనా నన్ను పిలిచి ఒరే నీ మనసులో ఏముందిరా అని అడిగారా, నన్నెవరైనా ఒక్క మాట అడిగారా! ఎదురింటి దర్జీ కిటికీ మూసేశాడు. అన్నయ్య వరండాలోకి వెళ్ళి వాన వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు వాన కూడా లేదు.

నిజంగానే డిపో ఆయనకు ఫోను చేశాను. కోపంలో చేశాను. శనివారం పొద్దున వస్తానన్నాడు. అంత సంతోషంగా నాతో ఆ వారంలో మాట్లాడింది ఆయనొక్కడే.

శుక్రవారం మధ్యాహ్నం ఒక చిన్న చెక్క కోయాల్సి వచ్చి షెడ్డులోకి వెళ్ళాను. అలవాటు కొద్దీ పీటను కాలితో లాగి, ఎక్కి నిలబడ్డాను. బల్ల నా పక్కటెముకలకు తగిలింది. పీట సరిగ్గా పడలేదేమోనని దిగి, చూసి, మళ్ళీ ఎక్కాను. అంతే. చక్రాలు మెషిన్ని నాలుగంగుళాలు పైకెత్తాయి. అంటే నాకిప్పుడు పీట మీద పీట కావాలి. యూనివర్సల్ టై వాణ్ణి నోరారా తిట్టుకున్నాను. బేసు కొన్నానయ్యా, బేసు! సరి ఎలా అవుతుంది? బేసే అవుతుంది!

కసి తీరక పీటను ఒక్క తన్ను తన్నాను. అది వెళ్ళి బోర్లాపడింది. నేను పక్కనున్న రంగు డబ్బా మీద కూలబడ్డాను.

కూర్చున్నాక ఎదురుగా చూస్తే రంపం బల్ల కనిపించలేదు. బల్ల అడుగు కనిపించింది. తుప్పు, బోల్టులు, ఎప్పటిదో ఆరిపోయిన జిగురు చుక్క. ఇరవై ఆరేళ్ళలో ఆ అడుగును నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. చెయ్యెత్తితే గానీ పైన ఏముందో అందలేదు.

కింద బోర్లాపడిన పీట. దాని అడుగున వడ్రంగి పెన్సిల్‌తో, అన్నయ్య చేతిరాత, మసకగా: "తమ్ముడి బెల్టు, ముప్పై ఆరు."

మొదటి రోజు. నాకు గుర్తొచ్చింది. నన్ను గుమ్మంలోనే ఆపి, ఒక్క మాట మాట్లాడకుండా నా బెల్టుకు టేపు పెట్టాడు. మెషిన్ సంగతి తర్వాత చెప్పాడు. ముందు నన్ను కొలిచాడు.

నేను చిత్రిక మెషిన్ పొడవు కొలిచాను. నేల పగుళ్ళ లోతు కొలిచాను.

టేపు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. అన్నయ్య పేపరు చదువుతున్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడిగాను. గొంతు అదంతటదే తగ్గింది.

"అన్నయ్యా, బెల్టు పెట్టుకున్నావా?"

"ఎందుకురా?"

"నేల నుంచి కొలవాలి."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, చొక్కా అంచు కాస్త పైకి లేపి, చెయ్యి అడ్డం తీశాడు.

"ఇరవై ఏడున్నర," అన్నాను.

"ఇరవై ఏడు రాసుకో. కుర్చీలో మెత్త అణుగుతుంది," అన్నాడు. నేను రాస్తుంటే ఆగకుండా చెప్పుకుపోయాడు. "రంపం స్టాండు కోయించు. పదమూడంగుళాలు తీసెయ్యాలి. చక్రాలు కింద కాదురా, ఫ్రేముకు బయట పక్కలకు పెట్టించు, అప్పుడు ఎత్తు పెరగదు. మీట తొక్కితే లేవాలి, కోసేటప్పుడు నాలుగు పాదాలూ నేల మీద ఆనాలి. స్టాండు వెడల్పు చేయించు, లేకపోతే పైబరువుకు ఒరుగుతుంది. నేను తొక్కలేను కాబట్టి మీట చేతికందేట్టు పొడుగు పెట్టించు. స్విచ్చి కుడి పక్కకు."

"ఇదంతా ఎప్పుడు ఆలోచించావు?"

"ఆసుపత్రిలో. పైకప్పు తప్ప చూడ్డానికి ఏముంది అక్కడ?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"నన్నెవరడిగారు?" అన్నాడు అన్నయ్య.

అలవాటు ప్రకారం నాకు కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. ఎవరి మీద అరవాలా అని అటూ ఇటూ చూశాను. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. 'ఆయన్నే అడగండి' అని డిపో ఆయన టీ దగ్గర అంత ఎగిరింది నేనే. కూర్చున్నాను.

"ఈ పూటే వెల్డరమ్మ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను.

"కాళ్ళు వద్దులే, చేతులు పట్టుకో. వెల్డింగుకు అవే కావాలి," అన్నాడు. మా ఇంట్లో మాటల గారడీ హక్కు నాదొక్కడిదే అనుకునేవాణ్ణి.

శనివారం పొద్దున వదిన, మా ఆవిడ కలిసి బజారుకెళ్ళారు. డిపో ఆయన వచ్చే సమయానికి ఇంట్లో ఉండి చూడలేక వెళ్ళారని నాకు తర్వాత తెలిసింది. వాళ్ళు అటు వెళ్ళగానే వెల్డరమ్మ ఇటు వచ్చింది. గేటు దగ్గరే ఆగి, "చీపురు ఎక్కడుంది?" అని అడిగి, లేదని రూఢి చేసుకుని లోపలికొచ్చింది. సగం పని ముందు రోజు సాయంత్రమే తన షాపులో చేసుకుని వచ్చింది. నేను కొన్న యూనివర్సల్ చక్రాలను ఊడబెరికి, తను చేసిన వెడల్పు ఫ్రేముకు బయటి పక్కల బిగించింది. స్టాండు కోసేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు. అన్నయ్య వైపు చూసి, "ఇక్కడేనా అన్నా?" అంది. ఆయన సుద్దముక్కతో గీసిన గీత మీద కోసింది.

పది దాటేసరికి రంపం కిందికి దిగింది. అన్నయ్య కుర్చీని కాస్త పక్కవాటుగా తిప్పి నిలుపుకుని, మీట వంచాడు. నాలుగు పాదాలూ నేల మీద కూర్చున్నాయి. మోచేతులు బల్ల మీద ఆనించాడు. ఆనాయి.

"బ్రేకుల్ని నమ్మను," అన్నాడు. "లేపి ఉంచినప్పుడు చక్రాల కిందికి నాలుగు అడ్డాలు కావాలి. మంచి గట్టి చెక్క చూడు."

నేను వెతికేలోపే ఆయన నా పీట అందుకున్నాడు.

"అన్నయ్యా, అది నా పీట!"

"ఇంక నీకెందుకురా? బల్ల దిగిపోయిందిగా. ఇప్పుడు నీకు కావాల్సింది స్టూలు," అని స్విచ్చి వేశాడు.

రంపం మోగింది. ఈసారి ఎక్కడిది అక్కడే నిలబడి మోగింది. పీట ముక్కలవుతూ వచ్చింది. ఒక ముక్క మీద 'తమ్ము' మిగిలింది, ఇంకో ముక్క మీద 'డి బెల్టు'. నాలుగో ముక్క కోస్తుండగా గుమ్మంలో వదిన కనిపించింది. చేతిలో సంచీ, వెనక మా ఆవిడ, ఆ వెనక గేటు దగ్గర కలిసిన డిపో ఆయన. వదిన కుర్చీని చూసింది, రంపాన్ని చూసింది, అన్నయ్య చేతుల మీద ఎగిరిపడుతున్న రంపంపొట్టును చూసింది. సంచీ కింద పెట్టేసింది.

డిపో ఆయన ఆవిడ వైపు వంగి అడిగాడు. "ఇదేంటమ్మా, ఈయన మళ్ళీ పని చేస్తారా?"

"ఆయన్నే అడగండి," అంది వదిన.

అని, ఒక్క ఉదుటున నా మీదికి తిరిగింది. రంపం చప్పుడు మీదుగా అరిచింది. "మరి నువ్వు వదిలించేద్దామన్నావుగా!"

"ఏంటి?"

"మెషిన్లు మూడూ వదిలించేద్దాం, ఆయనకు తెలియకూడదు అన్నావుగా! ఫోనులో! నా చెవులారా విన్నాను! ఇదిగో ఈవిడకేగా అమ్మబోయావు?"

"నాకెందుకమ్మా అవి?" అంది వెల్డరమ్మ. "నేను ఇనుము కోస్తాను, చెక్క కాదు."

అన్నయ్య స్విచ్చి ఆపేశాడు. మూడు వారాల చల్లటి అన్నం, చీపురు, కొంగు, కృతజ్ఞత, 'బయటికి నడువ్', అన్నీ ఒక్కసారి నా బుర్రలో వరసగా వచ్చి నిలబడ్డాయి. ఊపిరి నిండా పీల్చుకున్నాను.

"కదిలించేద్దాం!" అన్నాను. "క! క! క-ది-లిం-చే-ద్దాం! కదలడానికి చక్రాలు! అన్నయ్య లోపలికి రావడానికి దారి! వదిలించడం కాదు మహాతల్లీ, కదిలించడం! మూడు వారాలు! మూడు వారాలు నన్ను దొంగను చేశారు! ఒక్కసారైనా, ఒక్కరైనా నన్ను అడ..."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను ఆ మాటను అక్కడికి ఆపేశాను.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. వెల్డరమ్మ దాపరికం లేకుండా నవ్వింది. డిపో ఆయన మెల్లగా గేటు వైపు నడిచాడు. వదిన మాత్రం నవ్వలేదు, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"వీధి వీధంతా వినపడే గొంతు పెట్టుకుని, అబ్బాయ్, ఆ ఒక్క మాటా గుసగుసలాడతావా? గట్టిగా అఘోరించొచ్చుగా!"

మూడు వారాల తర్వాత 'అబ్బాయ్'.

ఎదురింటి దర్జీ కిటికీ తెరుచుకుంది. "కదిలించేద్దామా! మా ఇంట్లో కూడా నువ్వు వదిలించేద్దామన్నావనే అనుకుంటున్నామయ్యా!" అని కేకేశాడు.

అన్నయ్య బల్ల మీది పొట్టును చేత్తో తుడిచి, టేపు అందుకున్నాడు.

"అందరికీ అర్థమైందిగా?" అన్నాడు. "ఇటు రారా మైకూ. బెల్టు చూపించు, స్టూలు కోయాలి."